గ్రంథాలయమున ఒక గ్రంథిని గూర్చి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలలో రెండవనాటి సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఒక బీరువాతోను, రెండు బల్లలతోను మొదలైన ఈ సంస్థ నేడు మన ఊరికి ఒక కంటివెలుగై నిలిచినది. ఊరి లెక్కలు వ్రాసికొనుచు కాలము గడపిన నావంటివాడు భారత భాగవతములను నాలుగక్షరములు చదువుకొన్నాడనిన, అది ఈ బీరువాల చలువయే. అందుచేతనే కార్యదర్శిగారు ఈ సభలో నన్ను నలోపాఖ్యానమును గూర్చి మాటలాడుమని కోరిరి. నేనును సంతోషముతో ఒప్పుకొంటిని. అయితే గడచిన రెండు సంవత్సరములలో నా ఇంట జరిగిన యొక సంగతి నా మనస్సును విడువకున్నది. అందువలన వారి అనుమతితో విషయమును మార్చుకొంటిని. గ్రంథమును గూర్చి చెప్పవలసినవాడను నేడు ఒక గ్రంథిని గూర్చి చెప్పబోవుచున్నాను. నలుని కథను మాత్రము పూర్తిగా విడువలేదు. అది నాకు దారిచూపు దీపముగా ముందు నడచును.

అరణ్యపర్వమున బృహదశ్వుడు ధర్మరాజునకు చెప్పిన కథ మీరెల్లరు ఎరిగినదే. కర్కోటకుని విషముచేత నలుని రూపము మారిపోయెను. సుందరుడైన నిషధరాజు పొట్టిచేతుల బాహుకుడై ఋతుపర్ణుని కొలువున గుఱ్ఱములను కాచుచుండెను. అతనిని చూచినవారిలో పెక్కురు ఇతడు నలుడని తలపలేదు. దమయంతి మాత్రము రథధ్వని వినినంతనే అనుమానించెను. ఇక్కడ మీరు గమనింపవలసిన దొకటి కలదు. ఆమె రూపమును చూచి కాదని త్రోసివేయలేదు. అనుమానము కలిగినంతనే అవునని తీర్మానించుకొననూలేదు. కేశినిని పంపినది, నీరు, నిప్పు, పూలు, వంట అన్నింటను అతనిని పరీక్షింపజేసినది. అటుపిమ్మటనే నమ్మినది. మొదట అనుమానము, పిదప పరీక్ష, ఆపైన నిశ్చయము: ఈ మూడు మెట్లను మీరు జ్ఞాపకముంచుకొన్నచో నా ఉపన్యాసములో సగము ముగిసినట్లే.

ఇక గ్రంథి సంగతి. మన కంఠమున గొంతుముడికి దిగువను, శ్వాసనాళమునకు ముందుప్రక్కను, సీతాకోకచిలుక రెక్కలు విప్పి వ్రాలినట్లు ఒక చిన్న గ్రంథి కలదు. పాఠ్యపుస్తకములలో దీనిని అవటు గ్రంథి యందురు. లోకమున థైరాయిడ్ అను పేరు వాడుకయైనది. డాలు అను అర్థముగల గ్రీకు మాటనుండి ఆ పేరు పుట్టినది. తూకము సుమారు 20 గ్రాములు, అనగా రెండు తులములకు లోపే. ఇంత చిన్న అవయవము మన దేహమంతటికి వేగమును నిర్ణయించుచున్నది. గుండె ఎంత వేగముగా కొట్టుకొనవలెను, తిన్న అన్నము ఎంత త్వరగా అరగవలెను, ఒంటిలో ఎంత వేడి పుట్టవలెను, మనస్సు ఎంత చురుకుగా పనిచేయవలెను అను విషయములన్నియు ఇది స్రవించు రసముమీద ఆధారపడియున్నవి. ఆ రసములో ముఖ్యమైనది థైరాక్సిన్. నాలుగు అయోడిన్ పరమాణువులు గలది గనుక దీనిని టీ4 అందురు. ఒంటిలో అది ఒక పరమాణువును విడిచి టీ3గా మారి పని చేయును.

పొయ్యిక్రింద మంట తగ్గినచో ఏమగును? ఎసరు కాగదు, సంగటి ఉడకదు, వంటింటి పని యంతయు వెనుకబడును. వంట చేయువారి దోషము అందులో లేదు; కట్టెలు చాలకపోవుటయే కారణము. ఈ గ్రంథి మందగించినప్పుడు దేహమున జరుగునదియు ఇదే. దీనిని వైద్యులు హైపోథైరాయిడిజమ్ అందురు. మనము థైరాయిడ్ మాంద్యము అని చెప్పుకొందము.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పెదను. నా భార్య అనుమతి తీసికొనియే చెప్పుచున్నాను. ఆమె ఈ సభలోనే కూర్చుండి యున్నది. నాలుగు గంటలకే లేచి, వాకిట ముగ్గుపెట్టి, ఆవు పాలుపితికి, సూర్యుడు పొడచూపకమునుపే సగము పని ముగించు ఇల్లాలు ఆమె. అట్టి మనిషి క్రమక్రమముగా మందగించెను. ఉదయము లేవలేకపోవుట, లేచినను ఒళ్లంతయు బరువుగా నుండుట, గిన్నె ఎక్కడ పెట్టినదియు మరచిపోవుట మొదలైనది. మన చిత్తూరు సీమలో కత్తిరి ఎండలు ఎట్లుండునో మీకు వేరుగ చెప్పవలెనా? ఆ దినములలో మేమందరము తడిగుడ్డ కప్పుకొని ఆరుబయట పరుండగా, ఆమె గదిలో దుప్పటి కప్పుకొని పరుండెడిది. అది చూచియు నాకు అనుమానము కలుగలేదు. కళ్లక్రింద ఉబ్బు, ముఖము పాలిపోవుట, గాజులు ఎక్కకపోవుట, దువ్వెననిండ జుట్టు ఊడుట, చర్మము పొలుసుగట్టుట అన్నియు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. గొంతు బొంగురుపోయి, పట్టణమునుండి ఫోను చేసిన కుమార్తె తల్లి పలుకగా "ఎవరు, చిన్నాన్నా?" అని అడిగినది. మేము నవ్వుకొంటిమి.

నేను చేసిన తప్పు నవ్వుటతో ముగియలేదు. "తిండి ఎక్కువైనది, పని తక్కువైనది" అని ఒకనాడు పదిమందిలో అన్నాను. ఆనాటినుండి ఆమె రాత్రిపూట భోజనము మానివేసినది. అయినను బరువు తగ్గలేదు. తగ్గకపోవుటకు కారణము తిండి కానప్పుడు మానిన ప్రయోజనమేమి? మధ్యలో ఒక వైద్యుని యొద్దకు పోతిమి. బలమునకు టానిక్కు, నొప్పులకు మాత్రలు ఇచ్చి, "వయస్సు వచ్చినది గదా" అని పంపినారు. రక్తపరీక్ష మాట ఆయన ఎత్తలేదు, నేనును అడుగలేదు.

రెండవ సంవత్సరము జాతరకు నా తమ్ముని కుమార్తె వచ్చినది. నర్సు చదువు చదువుచున్న పిల్ల. పెద్దమ్మ ముఖమును చూచి, చేయి పట్టుకొని నాడి లెక్కించి, నాలుగైదు ప్రశ్నలడిగినది. మలబద్ధకము కలదా, చలి వేయుచున్నదా, మాట నెమ్మదించినదా, మన వంశములో గాని వారి పుట్టింట గాని ఎవరికైనను గొంతువాపు ఉండెడిదా అని. పిదప నాతో, "పెదనాన్నా, పెద్దమ్మది సోమరితనం కాదు. రేపే రక్తం పరీక్ష చేయించండి" అన్నది. చేయించితిమి. నాలుగు, నాలుగున్నర దాటకూడని అంకె అరవై దాటియుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లెక్కలు వ్రాయువాని స్వభావము గనుక లేచి మా ఇంటి చిఠ్ఠాలను తీసి రెండేండ్ల పద్దులను తిరుగవేసి చూచుకొంటిని. ఆవునకు పశువైద్యుని పిలిపించిన ఖర్చు ఐదు పద్దులు. మోటారు కాలిపోగా చుట్టించిన ఖర్చు రెండు పద్దులు. ఆమె పేర వ్రాసినది టానిక్కు సీసాలు రెండు, నొప్పుల తైలము ఒకటి. పైసా తేడా లేకుండ లెక్క వ్రాసితినని గర్వించువాడను, ఎదురుగనున్న మనిషి తరుగుచుండగా ఆ పద్దు నా కంటబడలేదు. నా ఉపన్యాసమునకు కారణము ఇదియే. ఈ ఊరిలో మరి యే ఇంటను ఇట్టి చిఠ్ఠా ఉండకూడదని నా కోరిక.

అనుమానింపదగిన లక్షణములను ఒకచోట చేర్చి చెప్పెదను. కారణము తెలియని అలసట, నిద్ర చాలినను తీరని మత్తు, ఆకలి పెద్దగా లేకున్నను పెరుగు బరువు, ఇతరులకు లేని చలి, మలబద్ధకము, పొడిబారిన చర్మము, రాలు జుట్టు, ముఖమున, కనురెప్పల యందు ఉబ్బు, బొంగురు గొంతు, నెమ్మదించిన నాడి, కండరములలో నొప్పి, బిగువు, మతిమరపు, దేనియందును ఉత్సాహము లేకపోవుట, స్త్రీలకు నెలసరి ఎక్కువగుట లేక క్రమము తప్పుట, సంతానము నిలువకపోవుట లేక కలుగకపోవుట, రక్తమున కొలెస్టరాల్ పెరుగుట. ఇవన్నియు ఒకేసారి రావు. కొందరికి రెండు మాత్రమే యుండును. సంవత్సరముల తరబడి మెల్లగా వచ్చును గనుక, దినదినము చూచు ఇంటివారికి కనబడదు. ఏడాదికొకమారు వచ్చు చుట్టమునకు వెంటనే కనబడును. పాత ఛాయాచిత్రమును ప్రక్కన పెట్టుకొని చూచుట మంచి యుపాయము.

ఒక హెచ్చరిక. అలసిన ప్రతివారికిని ఈ వ్యాధియే కలదని నేను చెప్పుటలేదు. మన పల్లెలలో స్త్రీల అలసటకు రక్తహీనత అంతకంటె తరచుగా కారణమగుచున్నది. చక్కెరవ్యాధి, నిద్రలేమి, మనోవ్యథ ఇవియు కారణములు కావచ్చును. లక్షణములు ఒకదానినొకటి పోలియుండును గనుకనే పరీక్ష అవసరమైనది. అదే బాహుకుని విషయము.

ఈ వ్యాధి అరుదైనదా? కాదు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరులతో సహా మన దేశపు ఎనిమిది మహానగరములలో ఐదువేలకు పైబడిన వయోజనులను పరీక్షించి 2013లో వైద్యులు ప్రకటించిన లెక్క ప్రకారము, నూటికి దాదాపు 11 మందికి ఈ మాంద్యము కలదు. వారిలో సుమారు మూడవవంతు మంది తమకు ఆ వ్యాధి యున్నట్లు అదివరకు ఎరుగనే ఎరుగరు. స్త్రీలలో పురుషులకంటె చాల ఎక్కువ. అయినను మగవారికి రాదని భ్రమపడవద్దు.

కారణములు అనేకములు. పూర్వము మన దేశమున, విశేషించి హిమాలయ ప్రాంతములలో, ఉప్పులోను నీటిలోను అయోడిన్ లోపించుట ప్రధాన కారణము. గొంతువాపును గళగండమను పేర సుశ్రుతుడే వర్ణించియున్నాడు. ఈ విషయమున మన తెలుగువాని పేరొకటి చెప్పక విడువరాదు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు, 1956లో కాంగ్రా లోయయందు తమ సహచరులతో కలిసి ఒక గొప్ప పరీక్ష నారంభించిరి. ఆ లోయను మూడు భాగములుగా విభజించి, రెండు భాగములవారికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగమువారికి మామూలు ఉప్పును ఇచ్చి, యేండ్ల తరబడి గమనించిరి. అయోడిన్ ఉప్పు తిన్న పిల్లలలో గొంతువాపు బాగుగా తగ్గినది. చూడుడు, అక్కడను అదే న్యాయము: అనుమానము, పరీక్ష, నిశ్చయము. ఆ మార్గముననే 1962లో జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ప్రారంభమైనది. నేడు ప్రతి ఊరి అంగడిలోను దొరకు అయోడిన్ ఉప్పు ఆ కృషి ఫలమే.

అందుచేత కల్లుప్పే రుచియని వాదించు పెద్దలకు నా మనవి: అయోడిన్ కలిపిన ఉప్పునే వాడుడు. పొయ్యి ప్రక్కన తెరచియుంచక, మూతగల పాత్రలో పెట్టుడు. పెద్దవారికి దినమునకు కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250. జీవితమంతటికి కావలసినది కూడబెట్టినను చిన్న చెంచాడు మించదు. అయితే ఉప్పు ఎక్కువ తిన్నచో థైరాయిడ్ బాగగునని తలచి మరింత ఉప్పు వేసికొనరాదు. అది రక్తపుపోటును పెంచును.

ఏలననగా నేడు మన ప్రాంతములో వచ్చు మాంద్యమునకు ఎక్కువగా అయోడిన్ లోపము కారణము కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి, ఈ గ్రంథిని శత్రువుగా తలచి కొద్దికొద్దిగా నశింపజేయుచున్నది. కోటకు కాపలా పెట్టిన భటుడే కొట్లను దోచినట్లు. 1912లో దీనిని వర్ణించిన జపానుదేశపు వైద్యుడు హషిమోటోగారి పేరనే ఆ వ్యాధి ప్రసిద్ధమైనది. ఇది కుటుంబములలో సంక్రమించు స్వభావము గలది. గ్రంథికి శస్త్రచికిత్స జరిగినవారికి, రేడియో అయోడిన్ చికిత్స పొందినవారికి, లిథియమ్, అమియోడరోన్ వంటి మందులు వాడువారికి కూడ మాంద్యము రావచ్చును. ప్రసవమైన తరువాత మొదటి సంవత్సరములో కొందరు తల్లులకు వచ్చి, కొందరిలో దానంతటదే సర్దుకొనును.

ఇప్పుడు పరీక్ష సంగతి. దీనిని మన కచ్చేరి భాషలో చెప్పిన సులభముగా బోధపడును. ఈ గ్రంథి ఒక చిన్న కచ్చేరి. తలలో, మెదడు క్రిందుగా పీయూష గ్రంథి యను పై కచ్చేరి కలదు. పై కచ్చేరి క్రింది కచ్చేరికి తాఖీదులు పంపుచుండును. ఆ తాఖీదు పేరే టీ.ఎస్.హెచ్. క్రిందివారు పని సక్రమముగా చేయుచున్నచో తాఖీదులు కొద్దిగా మాత్రమే వచ్చును. పని మందగించినచో తాఖీదు మీద తాఖీదు వచ్చి పడును. కనుక రక్తములో టీ.ఎస్.హెచ్. ఎక్కువగా నున్నదనిన గ్రంథి తక్కువ పని చేయుచున్నదని అర్థము. ఇక్కడనే చాలమంది పొరబడుచున్నారు. కాగితముమీద పెద్ద అంకె చూచి "థైరాయిడ్ ఎక్కువైనది" అందురు. ఎక్కువైనది తాఖీదులేగాని పని కాదు.

టీ.ఎస్.హెచ్. సాధారణముగా 0.4 మొదలు 4 లేక 4.5 వరకు ఉండును. పరీక్షాలయమును బట్టి కొంత భేదముండును గనుక, మీ కాగితముమీద అచ్చువేసిన హద్దులనే చూచుకొనుడు. దానితోపాటు ఫ్రీ టీ4 అను అంకెను చూతురు. టీ.ఎస్.హెచ్. బాగుగా పెరిగి టీ4 తగ్గియున్నచో మాంద్యము నిశ్చయము. టీ.ఎస్.హెచ్. స్వల్పముగా పెరిగి టీ4 సరిగా నున్నచో తొందరపడక రెండు మూడు నెలలకు మరల పరీక్షింతురు. అవసరమైన రక్షణశక్తి పొరపాటును తెలుపు ప్రతిరక్షకముల పరీక్షయు చేయింతురు. పది దాటినచో సాధారణముగా మందు మొదలుపెట్టుదురు. వృద్ధులలో ఈ అంకె కొంచెము ఎక్కువగా నుండుట సహజము. గర్భిణులకు హద్దులు వేరు. అరుదుగా పై కచ్చేరియే దెబ్బతినును. కాన్పులో అధిక రక్తస్రావము జరిగిన తల్లులకు పాలు పడకపోవుట, నెలసరి మరల రాకపోవుట సంభవించినచో ఈ అనుమానము కలుగవలెను. అప్పుడు టీ.ఎస్.హెచ్. మాత్రమే చూచిన మోసపోదుము, టీ4 తప్పక చూడవలెను. కావున కాన్పు చరిత్రను వైద్యునికి దాచక చెప్పుడు.

రక్తమిచ్చుటకు సాధారణముగా ఉపవాసముతో పనిలేదు. అయితే ప్రతిమారు ఒకే వేళకు, ఉదయముననే ఇచ్చుట మేలు. ముందే మాత్రలు వాడువారు ఆనాటి మాత్ర మ్రింగకముందే రక్తమీయవలెను. జుట్టు రాలుచున్నదని బయోటిన్ మాత్రలు వాడువారు రెండుమూడు దినములు ముందుగా వానిని ఆపవలెను; అవి పరీక్ష అంకెలను తారుమారు చేయగలవు.

ఋతుపర్ణుడు పరుగెత్తు రథమునుండి తాండ్రచెట్టు ఆకులను, కాయలను ఇన్నియని చెప్పగా, నలుడు రథమును నిలిపి, చెట్టును పడగొట్టి, లెక్కపెట్టి చూచినగాని నమ్మలేదు గదా! అంత గొప్ప గణకుని మాటకే తనిఖీ అవసరమైనప్పుడు, ముఖము చూచి చెప్పు మన అంచనాలు ఏపాటివి? కొన్ని వందల రూపాయలతో ముగియు రక్తపరీక్షను చేయించక, అవునో కాదో అని యేండ్లు గడపుట వివేకము కాదు.

మనకు దారి దూరమును కాదు. 1911 వరకు మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగమై యుండెను. ఆ పాత అనుబంధముచేతనేమో నేటికిని మనవారు పెద్ద జబ్బనగానే వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రికి పోవుదురు. తిరుపతిలో రుయా ఆసుపత్రి యున్నది. 1993లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్యవిజ్ఞాన సంస్థలో ఈ గ్రంథులకే ప్రత్యేకమైన శాఖ యున్నది. అయితే మొదటి పరీక్షకు అంతదూరము పోనక్కరలేదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగిన ఎక్కడ చేయించుకొనవలెనో చెప్పును. చిక్కైన సందర్భములకు, గర్భిణులకు, పిల్లలకు, హృద్రోగులకు పెద్ద ఆసుపత్రి ఆవశ్యకము.

చికిత్స సంగతికి వత్తును. పూర్వమిది తీరని వ్యాధి. 1891లో ఇంగ్లాండు దేశమున జార్జి మర్రే యను యువవైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ గ్రంథి రసమును ఒక రోగిణికి సూదిద్వారా ఎక్కించెను. నడివయస్సులో మరణమునకు సిద్ధమైన ఆ యమ్మ మరి 28 సంవత్సరములు బ్రతికి 74వ యేట మరణించినది. అందుకు 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు కావలసివచ్చెనట! 1914లో అమెరికాలో కెండాల్‌గారు థైరాక్సిన్‌ను స్ఫటికరూపమున వేరుపరచిరి. 1927 నాటికి దానిని రసాయనశాలలోనే తయారుచేయుట సాధ్యమైనది. నేడు ఆ రసమే లీవోథైరాక్సిన్ అను చిన్న మాత్రయై, ఒక కాఫీ వెలకంటె తక్కువకు దినమునకు ఒకటి చొప్పున లభించుచున్నది. ఇది విషౌషధము కాదు; ఒంటిలో లోటుపడిన దానిని భర్తీచేయు జమ మాత్రమే.

ఈ జమ ఎట్లు వేయవలెనో తెలియకపోవుటచే మా ఇంట మరియొక పొరపాటు జరిగినది. ఆరు వారముల తరువాత పరీక్షింపగా అంకె తగ్గినదిగాని అనుకొన్నంత తగ్గలేదు. "దేనితో మింగుతున్నావమ్మా?" అని వైద్యురాలు అడిగినది. "కాఫీతో" అని నా భార్య. "కాల్షియం మాత్ర?" "అదీ అప్పుడే." ఆమె నవ్వి, మందు మోతాదు మార్చక, వేళను మాత్రము మార్చినది. ఉదయము లేచినవెంటనే, పరగడుపున, మంచినీళ్లతో మాత్ర వేసికొనవలెను. అరగంట, వీలైన గంటసేపు కాఫీ, టిఫిను ముట్టరాదు. ఇనుము, కాల్షియమ్ మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను. మాత్రల డబ్బాను ఎండ తగులు కిటికీలోను, పొయ్యి ప్రక్కను పెట్టరాదు. తదుపరి పరీక్షలో అంకె హద్దులోనికి వచ్చినది.

ఆరు వారముల గడువెందుకని అడుగుదురేమో. థైరాక్సిన్ రక్తమున సగమగుటకు వారముపట్టును. కొత్త మోతాదు నిలకడ చెందుటకు అయిదారు వారములు కావలెను. అంతకుముందే పరీక్షించిన లెక్క తప్పును. మోతాదు కుదిరిన పిదప ఆరునెలలకో, ఏడాదికో ఒకసారి చాలును. వృద్ధులకు, గుండెజబ్బు గలవారికి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదురు. కొంచెము తెరిపి వచ్చినదని మాత్ర మానరాదు; చాలమందికి ఇది జీవితాంతము వేయవలసిన పద్దు. బరువు తగ్గుటకని ఆరోగ్యవంతులు దీనిని మ్రింగుట ప్రమాదము; గుండె లయ తప్పును, ఎముకలు పలుచబడును. పొరుగింటి మాత్ర అరువు తెచ్చుకొనుటయు కూడదు. చిరకాలము చికిత్స లేని రోగి ఒళ్లు చల్లబడి, పిలిచినను పలుకక మత్తులో మునిగినచో, అది ప్రాణాపాయము. తక్షణమే 108కి ఫోను చేయుడు.

ఇద్దరి విషయమున మాత్రము ఆలస్యము బొత్తిగా పనికిరాదు. మొదటివారు గర్భిణులు. శిశువు తొలినెలలలో తల్లి థైరాక్సిన్‌నే నమ్ముకొనియుండును. మాత్రలు వాడు స్త్రీ గర్భమని తెలిసినంతనే వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుకొనవలెను. సాధారణముగా మోతాదు పెంపవలసియుండును. కడుపులో బిడ్డకు మంచిదికాదని ఎవరో చెప్పగా మానివేయుట మహాపరాధము. రెండవవారు పసికందులు. కొందరు బిడ్డలు గ్రంథి లోపముతోనే పుట్టుదురు. పుట్టినప్పుడు చాలమందిలో ఏ లక్షణమును కనబడదు. కాలక్రమమున పాలు సరిగా త్రాగక, ఎక్కువ నిద్రించుచు, "మా బిడ్డ చాల బుద్ధిమంతుడు, ఏడువనే ఏడువడు" అని తల్లిచేత మెప్పుపొందును. కామెర్లు ఎక్కువకాలము నిలుచుట, బొంగురు ఏడుపు, ముందుకువచ్చిన నాలుక, బొడ్డు ఉబ్బు ఇవి పిదప కనబడును. పుట్టిన రెండవ దినము మొదలు అయిదవ దినములోపల మడమనుండి తీయు రెండు చుక్కల రక్తముతో దీనిని కనిపెట్టవచ్చును. రెండు వారములలో మందు మొదలైనచో ఆ బిడ్డ అందరివలె చదువుకొని పెద్దదగును. ఆలస్యమైన కొలది బుద్ధి మాంద్యము శాశ్వతమగును. కాన్పు ఏ ఆసుపత్రిలో జరిగినను, "బిడ్డకు మడమ రక్తము పరీక్ష చేసినారా?" అని అడిగి తెలిసికొనుడు. ఈ ఒక్క ప్రశ్న ఒక జీవితపు విలువ చేయును.

కడపట మన గ్రంథాలయమునకు రెండు మనవులు. ఒకటి, లక్షణములను, పరీక్ష పేర్లను, మాత్ర వేయు పద్ధతిని పెద్ద అక్షరములతో వ్రాసి పత్రికలు చదువు గదిలో గోడకు తగిలింపవలెను. వ్రాయు పని నాది. రెండు, ఏడాదికొకమారు మన ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఇక్కడికి ఆహ్వానించి, స్త్రీల సభ జరుపవలెను. పుస్తకమును బీరువాలో దాచిన ఫలమేమి? అది ఒకరి చేతిలోనికి పోవలెను. తెలిసిన సంగతియు అంతే.

మగవారికి నాదొక విన్నపము. ఇంటికి పోయి మీ తల్లిని, భార్యను, అక్కను ఒక్కసారి నిదానముగా చూడుడు. క్రిందటి పండుగకు ఎట్లుండిరి, నేడు ఎట్లున్నారు అని పోల్చుకొనుడు. సోమరి అను మాట నోటికి రాకముందు, పరీక్ష అను మాటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నేను ఆ వరుస తప్పితిని. ఆ తప్పునకు రెండేండ్ల కాలము మూల్యమైనది. ఆ కాలము తిరిగిరాదు.

నేడు మా వాకిట తెల్లవారకమునుపే మరల ముగ్గు పడుచున్నది. మా కుమార్తె ఫోనులో తల్లి గొంతును గుర్తుపట్టుచున్నది. మా ఇంటి చిఠ్ఠాలో ప్రతినెల మొదటి పద్దు ఇప్పుడు ఆ మాత్రలదే. నేను వ్రాసిన పద్దులలో అంతకంటె సంతోషముతో వ్రాసినది మరియొకటి లేదు.

 నలోపాఖ్యానమును వచ్చే సంవత్సరము తప్పక చెప్పెదను.